ఒకే మనిషిని పన్నెండుసార్లు లెక్కపెట్టాను: క్యూబ్‌లో డిస్టింక్ట్ కౌంట్ మెజర్

పోయిన ఎపిసోడ్‌లో క్యూబ్‌కి సేల్స్ అమౌంట్ మెజర్ యాడ్ చేశాం కదా. ఈరోజు డిస్టింక్ట్ కౌంట్. అంటే "ఎన్ని బిల్లులు" అని కాదు, "ఎంతమంది మనుషులు" అని లెక్కపెట్టడం. చిన్న విషయంలాగే ఉంటుంది. నా పరువు పోయింది మాత్రం దీని దగ్గరే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. మా క్లయింట్‌ది సూపర్ మార్కెట్ బిజినెస్. సంక్రాంతికి ఒక్కో కస్టమర్‌కి ఒక్కో గిఫ్ట్ కూపన్ ఇద్దామనుకున్నారు. ఏడాదిలో మొత్తం ఎంతమంది కస్టమర్లు కొన్నారో చెప్పమన్నారు. నా దగ్గర నెలవారీ కస్టమర్ల రిపోర్ట్ ఉంది. ఏం చేశాను? ఎక్సెల్‌లో పన్నెండు నెలలూ సెలెక్ట్ చేసి ఆటోసమ్ కొట్టాను. ఆ నంబర్ పంపేశాను. వాళ్ళు దాని ప్రకారమే కూపన్లు ప్రింట్ చేయించారు. పండగ అయిపోయాక చూస్తే కూపన్లు అట్టపెట్టెల్లో అలాగే మిగిలిపోయాయి.

ఎక్కడ తప్పు జరిగిందో చూద్దాం. మన వీధి చివర కిరాణా కొట్టు అనుకోండి. జనవరిలో లక్ష్మి గారు, రమణ వచ్చారు. ఇద్దరు. ఫిబ్రవరిలో లక్ష్మి గారు, సలీం. ఇద్దరు. మార్చిలో ముగ్గురూ వచ్చారు. కూడితే 2+2+3, ఏడు. కానీ కొట్టుకి వచ్చిన మనుషులు ముగ్గురే! లక్ష్మి గారిని మనం మూడుసార్లు లెక్కపెట్టాం.

డబ్బులకి ఈ గొడవ లేదు. మూడు నెలల అమ్మకాలు కూడితే మొత్తం అమ్మకం వచ్చేస్తుంది. మనుషుల లెక్క అలా కూడదు. దీన్నే నాన్ అడిటివ్ మెజర్ అంటారు. మూడు నెలలకి కావాలంటే మూడు నెలల డేటా మీద మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాల్సిందే. ఆ పని క్యూబ్‌కి అప్పజెప్పేద్దాం.

విజువల్ స్టూడియోలో మీ ఎస్ఎస్ఏఎస్ మల్టీడైమెన్షనల్ ప్రాజెక్ట్ తెరవండి. ప్రాక్టీస్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్ళ శాంపిల్, అడ్వెంచర్ వర్క్స్ డీడబ్ల్యూ డేటాబేస్ తీసుకోండి. క్యూబ్ మీద డబుల్ క్లిక్ చేస్తే క్యూబ్ స్ట్రక్చర్ ట్యాబ్ వస్తుంది. ఎడమవైపు మెజర్స్ ఉన్నచోట రైట్ క్లిక్ చేసి న్యూ మెజర్ కొట్టండి. యూసేజ్‌లో డిస్టింక్ట్ కౌంట్, సోర్స్ టేబుల్‌గా ఫ్యాక్ట్ ఇంటర్నెట్ సేల్స్, కాలమ్‌గా కస్టమర్ కీ ఎంచుకోండి. కాలమ్ కనబడకపోతే "షో ఆల్ కాలమ్స్" టిక్ పెట్టండి. ఓకే.

ఇప్పుడు చూడండి, కొత్త మెజర్ పాత గ్రూప్‌లోకి వెళ్ళలేదు. తనకంటూ వేరే మెజర్ గ్రూప్ వచ్చింది. కంగారుపడకండి, అదే కరెక్ట్. ఇంజన్ ఈ డేటాని కస్టమర్ కీ వరుసలో పేర్చుకుని దాచుకుంటుంది. ఒకే డేటాని ఒకేసారి రెండు వరుసల్లో పేర్చలేం కదా, అందుకే ఒక మెజర్ గ్రూప్‌లో ఒక్క డిస్టింక్ట్ కౌంటే కుదురుతుంది. తర్వాత డైమెన్షన్ యూసేజ్ ట్యాబ్‌కి వెళ్ళి, కొత్త గ్రూప్‌కి డేట్, ప్రోడక్ట్ లాంటి డైమెన్షన్లు కనెక్ట్ అయ్యాయో లేదో చూసుకోండి. అయ్యాయా? డిప్లాయ్ చేసి ప్రాసెస్ చేసేయండి.

బ్రౌజర్‌లో చూస్తే, ఆ టేబుల్‌లో అమ్మకాల వరుసలు 60,398, కస్టమర్లు 18,484. నెలల నంబర్లు కూడితే గ్రాండ్ టోటల్‌కి సరిపోదు. సరిపోకపోవడమే సరైన లెక్క. డౌట్ ఉంటే ఎస్‌క్యూఎల్‌లో కౌంట్ డిస్టింక్ట్ రాసి పోల్చుకోండి.

మూడు జాగ్రత్తలు చెప్తాను. ఒకటి, కస్టమర్ కీలో నల్ ఉంటే ఎస్‌క్యూఎల్ దాన్ని లెక్కపెట్టదు. క్యూబ్ మాత్రం మామూలు సెట్టింగ్‌లో దాన్ని సున్నాగా మార్చి, ఒక కస్టమర్‌గా లెక్కేస్తుంది. నంబర్ ఒకటి ఎక్కువొస్తే ముందు అక్కడ చూడండి. రెండు, వీలైతే అంకెల కాలమే వాడండి. టెక్స్ట్ కాలమ్ అయితే డేటాబేస్ అక్షరాల్ని పేర్చే వరుస, క్యూబ్ పేర్చే వరుస వేరువేరుగా ఉంటే ప్రాసెసింగ్‌లో ఎర్రర్ వస్తుంది. మూడోది ముఖ్యం. మెజర్ లెక్కపెట్టేది కీలని, మనుషుల్ని కాదు. బిల్ కౌంటర్‌లో "ఫోన్ నంబర్ చెప్పండి" అంటారుగా, ఇంట్లో నలుగురూ నాన్న నంబరే చెప్తే ఒక్క కస్టమర్. ఒకే మనిషి రెండు నంబర్లు చెప్తే ఇద్దరు. కాబట్టి రిపోర్ట్ ఇచ్చేటప్పుడు "కస్టమర్" అంటే ఏంటో ఒక లైన్ రాయండి.

టాబ్యులర్ మోడల్, పవర్ బీఐ వాడేవాళ్ళకి డాక్స్‌లో డిస్టింక్ట్‌కౌంట్ ఫంక్షన్ ఉంది. అది ఖాళీని కూడా ఒకటిగా లెక్కేస్తుంది. వద్దనుకుంటే డిస్టింక్ట్‌కౌంట్‌నోబ్లాంక్ వాడండి.

ఇక నా కథ. కూపన్ల గురించి క్లయింట్ కాల్‌లో అడిగినప్పుడు మా లీడ్ అన్న "మా టీమ్‌దే తప్పు సార్" అని తనమీద వేసుకున్నాడు. నేను అదే కాల్‌లో మ్యూట్‌లో ఉన్నాను. తర్వాత కూడా నన్ను తిట్టలేదు. "ఆ మెజర్ క్యూబ్‌లో పెట్టరా, ఇంకెవరూ ఎక్సెల్‌లో కూడకూడదు" అన్నాడు, అంతే. మెజర్ ఆ సాయంత్రమే పెట్టేశాను. "లెక్క కట్టింది నేనే" అని క్లయింట్‌కి మెయిల్ పెట్టడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

మీరెప్పుడైనా ఇలా కూడి దొరికిపోయారా? కామెంట్‌లో చెప్పండి. ఎవరైనా మీకు ఏడాది మొత్తం కస్టమర్ల నంబర్ ఇస్తే, "ఇది కూడిందా, లెక్కపెట్టిందా?" అని అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో పార్టిషన్లు చూద్దాం. ఉంటాను మరి, బై!