జ్వరము తగ్గిన పిదప మధుమేహము



నేను విశాఖపట్టణమునకు ఉత్తరమున, సముద్రతీరమునగల రుషికొండ ప్రాంతమున వైద్యము చేయువాడను. కోవిడ్ వ్యాధినిగూర్చి మీరు విననిది లేదు. ఆ ఉపద్రవమునకు సంబంధించిన అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించినది. ఐనను ఆ వ్యాధి లోకమును పూర్తిగ విడిచిపోలేదు. అది సోకిన వృద్ధులలో కొందరికి క్రొత్తగ కనబడిన మధుమేహమునుగూర్చి నేడు మనవి చేసెదను. మన వాడుకలో చక్కెరజబ్బు, షుగరు అనునది ఇదియే.

"నాకు మునుపు షుగరు లేదు బాబూ, ఆసుపత్రిలోనే వచ్చినది" అని వృద్ధులు పలువురు నాతో చెప్పుదురు. ఆ మాట కొందరియెడ నిజము, కొందరియెడ కాదు. దీనికి కారణములు మూడు.

మొదటిది, వ్యాధి ముందే యుండియు తెలియకుండుట. భారత వైద్య పరిశోధన మండలి వారి సహాయమున జరిగి 2023లో వెలువడిన పరిశోధన ప్రకారము, మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధి గడపవరకు వచ్చి నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. వీరిలో అనేకులు ఎన్నడును రక్తపరీక్ష చేయించుకొనని వారే. అట్టివారికి కోవిడ్ సమయమున చేసిన పరీక్షలో ఉన్న జబ్బు బయటపడినది, అంతియే.

రెండవది, జ్వరతాపమును, మందును. తీవ్రమైన వ్యాధి సోకినపుడు శరీరము తన్ను తాను కాపాడుకొనుటకై రక్తములోనికి చక్కెరను అధికముగ విడుచును. దానికి తోడు స్టిరాయిడ్ మందులు చక్కెరను మరింత పెంచును. అట్లని ఆ మందును నిందింపరాదు. ప్రాణవాయువు అవసరమైన రోగులలో డెక్సామెథసోన్ అను స్టిరాయిడ్ మరణములను తగ్గించునని 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డు పండితులు నిరూపించిరి. ప్రాణవాయువు అవసరము లేనివారికి దానివలన మేలు కనబడలేదు. 2021 ఏప్రిల్‌లో మన విశాఖ ఉక్కు కర్మాగారమునుండి ప్రాణవాయువు నింపిన ట్యాంకర్లు రైలుమీద మహారాష్ట్రకు తరలిన సంగతి మీకు జ్ఞాపకముండును. అంతటి ఊపిరాడని కాలమున ఆ మందు ఎందరినో నిలిపినది. కాని చక్కెర మిక్కిలి పెరిగినవారిలో కొందరు అదే యేడు నల్ల బూజు వ్యాధి పాలై కన్నులను, ప్రాణములను కోల్పోయిరి.

మూడవది, కోవిడ్ వ్యాధియే. మన పొట్టలో క్లోమము అను గ్రంథి కలదు. చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిన్ అందే తయారగును. ఆ కణములకు సయితము ఈ క్రిమి సోకగలదని కొన్ని పరిశోధనలు తెలిపినవి; ముఖ్యకారణ మదియేనా అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. అమెరికాలో కోవిడ్ సోకిన 1,81,280 మంది మాజీ సైనికులను ఒక యేడు గమనించి, 2022లో ఫలితములు ప్రకటించిరి. సోకనివారితో పోల్చగా, సోకినవారిలో వెయ్యికి సుమారు 13 మంది చొప్పున అధికముగ మధుమేహము పాలైరి. ఆసుపత్రిలో చేరక ఇంటనే కోలుకొన్నవారికిని ఈ భయము కొంత కలదు.

ఈ మూడింటిలో మీది యేది? ఊహవలన తేలదు, పరీక్షవలననే తేలును. రక్తములోని ఎఱ్ఱకణముల ఆయుర్దాయము దాదాపు 120 దినములు. వానికి అంటుకొనిన చక్కెరను కొలిచినచో గడచిన రెండుమూడు నెలల లెక్క దొరకును. దీనినే మూడు నెలల షుగరు పరీక్ష అందురు. ఆసుపత్రిలో చేరిననాడే అది 6.5 శాతము, అంతకు మించి యున్నచో జబ్బు మునుపటిదే యని తలపవచ్చును. కావున ఆనాటి కాగితములను పారవేయకుడు. స్టిరాయిడ్ మానిన మూడు నెలలకు మరల పరీక్షింపవలెను. అప్పటికిని 6.5 గాని, పరగడుపున 126 గాని, అంతకు మించి గాని యున్నచో, రెండవ పరీక్షతో స్థిరపరచుకొని వైద్యము సాగింపవలెను. 5.7కును 6.5కును నడుమ నున్నచో ఏటేట పరీక్ష తప్పదు.

మరల చూపించుకొననివారికి రెండు విధముల కీడు కలుగును. "అది మందు షుగరు, మందుతోనే పోయినది" అని కొందరు మరచిపోవుదురు. కన్ను, మూత్రపిండము, నరము లోలోపల చెడుచుండును. కొందరు ఆనాడు వ్రాసిన మాత్రలనే అదే మోతాదున యేండ్ల తరబడి మ్రింగుదురు. జ్వరముతో పెరిగిన చక్కెర జ్వరముతోనే దిగిపోయినచో, కొన్ని మాత్రలు దానిని మితిమీరి తగ్గించును. చెమట, వణకు, తికమక, స్పృహ తప్పుట కలుగును. వృద్ధులకు ఇది ప్రాణాపాయము. అట్లని మాత్రలుగాని, ఇన్సులిన్‌గాని తమంత తాము మానరాదు.

వయసు మీరినవారికి దాహము సరిగా తెలియదు. అందుచే అతిదాహమే చక్కెరజబ్బునకు గుర్తని కనిపెట్టుకొని యుండరాదు. ఊరక చిక్కిపోవుట, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుట, చూపు మసకబారుట, పుండు మానకుండుట, మగతగ పడియుండుట కనబడిన తోడనే పరీక్షింపవలెను. మా రుషికొండ ఇసుకలో జాలరి సోదరులు వట్టికాళ్లతో నడచుట వాడుక. మొద్దుబారిన పాదమునకు మధ్యాహ్నపు ఇసుక వేడి తెలియదు; బొబ్బ పుండగును, పుండు కాలిని తీయును. మధుమేహము గలవారికి చెప్పులు మందుతో సమానము. చోడి అంబలి మంచిదే, కాని దానిలోను పిండిపదార్థము కలదు, మితము తప్పరాదు. కీళ్లనొప్పులకు సూది వేయించుకొనునపుడు అది స్టిరాయిడా యని అడుగుడు.

మీ గ్రామమున కోవిడ్ సోకి "అప్పుడు షుగరు వచ్చినది" అనిపించుకొనిన వృద్ధు లెవరో మీకు తెలియును. మీ మాట వారికి గౌరవపాత్రము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వారిని ఒక్కసారి వెంటబెట్టుకొని పొండు. ఒక బొట్టు రక్తము చాలును, పరీక్ష మొదలగును.