గడ్డిలో దాగిన చక్కెర



రాత్రి కలిపిపెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి పొంగుతుంది కదండీ. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలను తిని చేసే పని అది. చెరకు మడ్డిని ఈస్టుతో పులియబెట్టి ఆల్కహాలు తీయడమూ అటువంటిదే. సారా మాటెత్తితే మన ఆడవాళ్ళకు ఒళ్ళు మండుతుంది; ఇది మాత్రం తాగేది కాదు, బండికి పోసేది. ఇథనాల్ అంటారు. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ళు దీన్ని కలిపే స్థితికి వచ్చాం.

చిక్కల్లా దేనినుంచి తీస్తున్నామన్నదే. చెరకురసం, నూకలు, మొక్కజొన్న, ఇవన్నీ తిండి సరుకులే. 2023లో చెరకు పంట తగ్గేట్టుందని, ఆ డిసెంబరులో చెరకురసంతో ఇథనాల్ తీయవద్దని కేంద్రం ఆంక్ష పెట్టింది. పంచదార ధర పెరుగుతుందన్న భయం! మరుసటి ఏడాది ఆ ఆంక్ష తీసేశారు.

మరి గింజ రాలాక మిగిలే గడ్డితో చేస్తేనో? మన పల్లెల్లో వరిగడ్డిని వామి వేసుకుంటారు, పశువుల మేతకు. దానిమీదికి పోతే పాలకు కరువొస్తుంది. పంజాబు, హర్యానాల సంగతి వేరు. అక్కడ కంబైనుతో కోస్తే మోళ్ళు, గడ్డి చేలోనే ఉండిపోతాయి. గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే వ్యవధి. తగలబెడతారు. ఆ పొగ ఢిల్లీ దాకా వచ్చి పసిపిల్లల ఊపిరికి అడ్డం పడుతోంది.

ఆ హర్యానాలోనే, పానిపట్టులో, ఇండియన్ ఆయిల్ వారి గడ్డి ఇథనాల్ కర్మాగారాన్ని 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలని లెక్క. అంటే టన్నుకు 150 లీటర్లన్నమాట.

గడ్డిలోనూ చక్కెర ఉంది. కాని గొలుసులుగా అల్లుకుపోయి, లిగ్నిన్ అనే గట్టి పదార్థంలో చిక్కుకుని ఉంటుంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులకు దాన్ని విడగొట్టడం తెలుసు, మన పొట్టకు తెలియదు. కర్మాగారంలో గడ్డిని తరిగి, కొద్దిగా ఆమ్లం కలిపి ఆవిరిలో ఉడికిస్తారు. తర్వాత ఎంజైములు వేస్తే గొలుసు తెగి చక్కెర బయటపడుతుంది. ఆపైన ఈస్టు పని. మిగిలిన లిగ్నిన్ బాయిలరులో మండించుకోవడానికి పనికొస్తుంది. ఎంజైములకే ఖర్చు బాగా అవుతుంది.

అంతకన్నా పెద్ద తంటా గడ్డిని చేర్చడం. ఏడాదికి సరిపడేదంతా ఆ కొద్ది వారాల్లోనే మోపులు కట్టించి, లారీలకెక్కించి, వానా నిప్పూ తగలకుండా దాచాలి. గడ్డికి బరువు తక్కువ, జాగా ఎక్కువ. మట్టీ ఇసుకా కలిసి వస్తే యంత్రాలు అరుగుతాయి. మోపు కట్టే యంత్రం వేళకు చేలోకి రాలేదంటే, అదను పోతుందని రైతు అగ్గిపుల్ల గీసేస్తాడు. దానికి ఖర్చేముంది కనుక!