బిడ్డ చెప్పిన మాట

(హైదరాబాదు, మాణికేశ్వర్ నగరులో కతోలిక ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల సమావేశమున సమాచార శాఖ పౌరసంబంధాధికారి చేసిన ప్రసంగ పాఠము)



మాణికేశ్వర్ నగరును వడ్డెరబస్తీ యని పిలుచుట నేటికిని వాడుకలో నున్నది. ప్రక్కనే 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఇవతల రాళ్లు కొట్టి, గోడలు లేపి, ఇండ్లలో పనిచేసి బ్రదుకు కుటుంబములు. తెల్లవారుచుండగనే పనికి పోవు తల్లిదండ్రులకు బడి యనగా అక్షరములు నేర్పు చోటు మాత్రమే కాదు, సాయంకాలము వరకు బిడ్డను నమ్మి అప్పగించు చోటు. ఆ అప్పగింతను గూర్చియే నేడు మాటాడదలచితిని.

రోడ్డు, రైలుపట్టాలు, ఆటోలలో కిక్కిరిసి పోవు పిల్లలు, వీధికుక్కలు - ఈ అపాయములు నాకంటె మీకే బాగుగ తెలియును. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు కుక్కల వాతబడి మరణించిన సంగతి మరచినవా రిచ్చట లేరనుకొందును. ఇక పిల్లల తిండిని గూర్చి చెప్పుటకు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థయే యున్నది. వారి పని నేను పైన వేసుకొనను. నేను చెప్పదలచినది కంటికి కనబడని అపాయము. దానిని గూర్చి నోరు విప్పుటకు మనకు సిగ్గు. ఆ సిగ్గే దానికి బలము.

2007లో కేంద్ర ప్రభుత్వపు స్త్రీ, శిశు అభివృద్ధి శాఖవారు 13 రాష్ట్రములలో 12 వేలకు పైబడిన బాలబాలికలను విచారించి ఒక నివేదికను ప్రకటించిరి. అందు సగముకంటె ఎక్కువమంది, అనగా నూటికి 53 మంది, ఏదో యొక విధమైన లైంగిక వేధింపునకు గురియైతిమని చెప్పిరి. బాధితులలో బాలురు బాలికలకంటె తక్కువగ లేరు. మగపిల్లవాడు గదా యని నిశ్చింతగ నుండు తండ్రులు ఈ మాట గుర్తుంచుకొనవలెను. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయమున ముందు వరుసలో నిలిచిన రాష్ట్రములలో నొకటి. వేధించినవారిలో సగముమంది బిడ్డకు తెలిసినవారే, బిడ్డ నమ్మినవారే. పెక్కుమంది పిల్లలు ఆ సంగతిని ఎవరితోను చెప్పలేదు.

ఎందుకు చెప్పరు? చెప్పిన పిల్లను మనము కసరుదుము. "ఆయన అట్టివాడు కాడు" అందుము. ఇరుగుపొరుగు ఏమనుకొందురో యని భయపడుదుము. ఇట్టి పాఠశాలలో మరియొక చిక్కున్నది. ఫీజులో కొంత తగ్గించి చేర్చుకొన్నారు, పుస్తకము లిచ్చినారు, కష్టకాలమున ఆదుకొన్నారు. అట్టివారి బడి మీద మాట పడవచ్చునా యని బీదతల్లి వెనుకాడును. కతోలిక కుటుంబములలో ఫాదరుగారి మీద, సిస్టరుల మీద, ఉపదేశి మీద గల భక్తి కూడ నోటికి తాళము వేయును. ఆ కృతజ్ఞత మంచిదే, నేను కాదనను. కాని తల్లి చెల్లింపవలసిన ఋణమునకు బిడ్డను తాకట్టు పెట్టరాదు.

2022 అక్టోబరులో మన నగరమున బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేండ్ల పసిపిల్లపై అత్యాచారము జరిగినట్లు బయటపడెను. అది కతోలిక పాఠశాల కాదు. నిందితుడు ఉపాధ్యాయుడును కాడు, ప్రధానాధ్యాపకురాలి కారు డ్రైవరు. బిడ్డ తీరు మారుటను ఇంటివారు కనిపెట్టి, పోలీసులకు చెప్పిరి. 2023 ఏప్రిలులో, అనగా ఆరు మాసములలో, న్యాయస్థానము అతనికి 20 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. పాఠశాల గుర్తింపును ప్రభుత్వము మొదట రద్దుచేసినను, తక్కిన పిల్లల చదువు నిలిచిపోవుననుటచే తరువాత సడలించెను. దీనినుండి సిస్టరుగార్లు గ్రహింపదగినదొకటి కలదు. పాఠము చెప్పువారిని మాత్రమే పరీక్షించి తీసికొన్నచో చాలదు. డ్రైవరు, ఆయా, తోటమాలి, మరమ్మతునకు వచ్చు మేస్త్రీ - బడి ఆవరణములో అడుగుపెట్టు ప్రతివానిని గూర్చి తెలిసియుండవలెను. తరగతి గది తలుపులకు అద్దములు పెట్టించుట, ఏ పెద్దయు ఏ బిడ్డతోను మూసిన గదిలో ఒంటరిగ నుండరాదను నియమము చేయుట, అంత ఖర్చుతో కూడిన పనులు కావు.

ఇక చట్టము. పోక్సో చట్టము 2012లో చేయబడి, ఆ సంవత్సరము నవంబరు 14న, బాలల దినోత్సవమునాడు, అమలులోనికి వచ్చెను. పదునెనిమిదేండ్లు నిండనివారందరు, ఆడపిల్లలైనను మగపిల్లలైనను, దీని రక్షణలోనివారు. విద్యాసంస్థలో గాని మతసంస్థలో గాని పనిచేయువారు ఆ సంస్థలోని బిడ్డపై ఇట్టి నేరము చేసినచో దానిని చట్టము మరింత ఘోరమైనదిగ ఎంచుచున్నది. నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను సరే పోలీసులకు తెలుపవలెను. తెలుపకున్న ఆరు మాసముల వరకు శిక్ష పడవచ్చును. తన క్రింద పనిచేయువాని నేరమును దాచిన సంస్థాధికారికి సంవత్సరము వరకు శిక్ష కలదు. కావున "బడిలోనే సర్దుకొందము, మఠము పేరు చెడును" అను మాటకు చట్టమున తావు లేదు. మంచి మనస్సుతో తెలిపినవానిపై ఏ చర్యయు నుండదు. బిడ్డ అబద్ధ మాడినదేమో యని కొందరందురు. అది తేల్చుట పోలీసుల పని, న్యాయస్థానము పని, మనది కాదు. ఒకవేళ పొరపాటైనను బిడ్డకు శిక్ష లేదు.

పోలీసులనగానే తల్లులకు దడ. బిడ్డను స్టేషనుకు లాగుకొని పోవుదురని భయము. అట్లు కాదు. బిడ్డ ఇంటియొద్ద గాని, బిడ్డకు నచ్చిన చోట గాని వాఙ్మూలము తీసికొందురు. సాధ్యమైనంతవరకు మహిళా ఎస్.ఐ. వచ్చును, ఖాకీ దుస్తులు ధరింపదు. తల్లిదండ్రులు దగ్గర నుందురు. ఆడపిల్లను స్త్రీ వైద్యురాలే పరీక్షించును. రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచరాదు. విచారణ మూసిన గదిలో జరుగును. నిందితుని ముఖము బిడ్డకు కనబడనీయరు. పేరు, ఫొటో, ఇల్లు, బడి ఏదియు పత్రికలలో వేయరాదు.

కతోలిక సంఘమువారికి మరియొక మాట. జగద్గురువు ఫ్రాన్సిస్ పోపుగారు 2014లో బాలల రక్షణకు ప్రత్యేక సంఘము నేర్పరచి, 2019 మే మాసమున లోకమందలి మేత్రాసనము లన్నిటికిని కొత్త నియమము లిచ్చిరి. ప్రతి మేత్రాసనములోను ప్రజలు ఫిర్యాదు చేయుటకు వీలైన ఏర్పాటుండవలెననియు, అది తెలిసిన గురువులు, మఠవాసులు పై అధికారులకు తప్పక నివేదింపవలెననియు అందున్నది. దేశపు చట్టము క్రింద చేయవలసిన పని దీనితో తీరిపోదని కూడ అందే చెప్పబడినది. మేత్రాసనమునకు తెలిపితిమి గదా, పోలీసులెందుకు అనుట చెల్లదు.

చట్టము సంగతి అటుండగా, మొదట వినవలసినవారు మీరు. ఉత్సాహముగ బడికి పోవు పిల్ల హఠాత్తుగ కడుపునొప్పి యని ఏడ్చుట, మానిన పక్కతడుపు మరల మొదలగుట, ఒకరి పేరు వినగనే ముడుచుకొనుట - ఇవన్నియు ఆ నేరమునకు గుర్తులే యని కాదు, అజీర్ణము కూడ కావచ్చును. అయినను ప్రక్కన కూర్చుండి అడుగవలెను. బిడ్డ చెప్పునపుడు అడ్డు తగులకుడు. "నీవు అక్కడికెందుకు పోయితివి?" అని యడిగితిరా, ఆ నోరు మరల తెరచుకొనదు. "చెప్పి మంచిపని చేసితివి, తప్పు నీది కాదు" అనుడు. వచ్చినవారందరి యెదుట ఆ కథను మరల మరల చెప్పింపకుడు. వైద్యపరీక్ష కాకమునుపు ఒంటిమీది బట్టలు ఉతుకకుడు. పల్లెలనుండి వచ్చి బోర్డింగులలో చదువు పిల్లలు మీ బంధువులలో నుందురు; వారికి సాయంకాలము అమ్మ ఒడి లేదు. సెలవులకు వచ్చినపుడు మార్కులు అడుగుటకు ముందు అక్కడ ఎవరైన భయపెట్టుచున్నారా యని అడుగుడు.

బెత్తమును గూర్చి కూడ చెప్పక తప్పదు. 2007 నివేదికలోనే బడికి పోవు పిల్లలలో నూటికి 65 మంది దెబ్బలు తింటిమని చెప్పిరి. 2010 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. "నాలుగు తగిలించుడు సారూ" అని తండ్రులే చెప్పుచుందురు. పెద్దల చేయి తన ఒంటిపై పడుట మామూలే యని నేర్చిన బిడ్డ, ఏ చేయి చెడ్డదో ఎట్లు చెప్పగలదు?

ఫిర్యాదునకు ఉస్మానియా విశ్వవిద్యాలయ పోలీసుస్టేషను దగ్గరనే యున్నది. హైదరాబాదు పోలీసులు 2016లో నెలకొల్పిన భరోసా కేంద్రమున వైద్యము, మనోధైర్యము చెప్పువారు, న్యాయ సలహా ఒక్కచోటనే లభించును. ఫోను 1098, డబ్బులు పడవు. పిల్లలే స్వయముగ చేయవచ్చును. ఈ అంకెను ఒకటవ తరగతి పిల్లల కంటి కందు ఎత్తున గోడపై వ్రాయింపవలెనని సిస్టరుగారిని కోరితిని, వారు సమ్మతించిరి. ఇక మీ ప్రశ్నలు అడుగుడు. అందరి యెదుట అడుగుటకు ఇష్టపడనివారికొఱకు సభ ముగిసిన తరువాత ఒక గంటసేపు ఇక్కడనే యుందును.