ఊడలు దిగే కాలం: ఓపిక గురించి, యథార్థత గురించి

  ఈ ఎపిసోడ్ చెన్నేకొత్తపల్లి నుంచే రికార్డు చేస్తున్నా. మధ్యలో గాలి శబ్దం వస్తే ఏమనుకోవద్దండి, మన సీకే పల్లి గాలి సంగతి మీకు తెలిసిందే. మైకుకు గుడ్డ చుట్టినా ఆగదు.

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. బెంగళూరులో రూములో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. "అన్నా, బాప్తిస్మం తీసుకొని రెండేళ్లయింది. బైబిల్ చదువుతున్నా. ఆదివారం మందిరానికి పోతున్నా. కానీ నాలో ఏమీ మారినట్లు లేదు. కోపం అట్లే ఉంది. రాత్రి రెండైనా ఫోను వదలలేకపోతున్నా. అసలు నేను రక్షణ పొందినట్లేనా?" అని. పది నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్. "ఇంకో విషయం కూడా అడగాల, కానీ మీరు తిడతారేమో" అని. ఆ రెండోదాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు మొదటిది చూద్దాం.

తమ్ముడూ, మీ నాయన శెనక్కాయ వేస్తాడు కదా? మన వైపు దాదాపు అందరి ఇళ్లలోనూ అదే కథ. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా పడే వాన. జూన్, జులైలో పదునైన వాన పడితే విత్తుతారు, లేకపోతే ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటారు. విత్తిన నెలకల్లా పసుప్పచ్చటి పూత వస్తుంది. చూడటానికి చేను ముచ్చటగా ఉంటుంది, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు. కానీ ఆ పువ్వు కాయ కాదు. పువ్వు వాడిపోతుంది. వాడిన చోటి నుంచి సన్నటి ఊడ ఒకటి బయలుదేరి, తల కిందికి వంచి మట్టిలోకి దిగుతుంది. కాయ కట్టేది అక్కడ, చీకట్లో. ఇంకో సంగతి గమనించారా? మట్టిలోకి చేరని ఊడ కాయ కాదు. గాలిలో వేలాడి అట్లే ఎండిపోతుంది.

యేసు ప్రభువు మార్కు సువార్త 4వ అధ్యాయంలో ఒక చిన్న ఉపమానం చెప్పాడు, 26 నుంచి 29 వచనాల దాకా. మిగతా ఉపమానాలంత పేరున్నది కాదు. ఒక మనిషి విత్తనం చల్లుతాడు. రాత్రి పడుకుంటాడు, పొద్దున లేస్తాడు. విత్తనం మొలుస్తుంది, పెరుగుతుంది. ఎట్లా పెరుగుతుందో ఆ మనిషికే తెలియదు. మొదట మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాతే గింజ. నాకు ఇందులో ఎంతో ఇష్టమైన మాట, ఆయన నిద్రపోయాడు అన్నది. రైతు నిద్రపోతున్నప్పుడు కూడా దేవుడు పని చేస్తున్నాడు. మనం బైబిల్ యాప్‌లో ఎన్ని రోజులు వరసగా చదివామో లెక్క చూసుకొని, ఒక రోజు తప్పితే అంతా పోయిందని ఏడుస్తాం. ఆ లెక్క యాప్ పెట్టింది, దేవుడు పెట్టింది కాదు.

ఇంకోటి. శెనక్కాయ చేలో కలుపు ఎప్పుడు తీస్తారో మీ అమ్మనడగండి. మొదటి నలభై, నలభై అయిదు రోజుల్లోపే. గుంటక తోలడమైనా, చేత్తో తీయడమైనా అప్పుడే. ఊడలు దిగినాక చేలో మట్టి కదిలించరు. కదిలిస్తే కలుపుతో పాటు ఊడలూ తెగుతాయి. మత్తయి 13లో గోధుమల మధ్య గురుగులు మొలిస్తే, ఇప్పుడే పీకొద్దు, కోత దాకా ఉండనియ్యి అని యజమాని చెప్పిన మాట మన రైతుకు వెంటనే అర్థమవుతుంది. ఆ ఉపమానంలో పొలం అంటే లోకమని యేసే వివరించాడు, దాన్ని తీసుకొచ్చి మన మనసుకు అతికించడం నా ఉద్దేశం కాదు. కానీ ఊడల సంగతి మాత్రం నీకు చెప్తున్నా తమ్ముడూ. ప్రతి రాత్రీ నిన్ను నువ్వు తవ్వుకొని, "నేను మారానా, మారలేదా, రక్షణ ఉందా, లేదా" అని వేళ్లు పీకి చూసుకుంటే కాయ ఎప్పుడు కడుతుంది?

అట్లని, ఓపిక పేరు చెప్పి ఊరికే కూర్చోమని కాదు. "దేవుడే మారుస్తాడులే" అంటూ అదే వీడియోలు చూస్తూ, అదే అబద్ధాలు చెప్తూ ఉండేవాళ్లున్నారు. లూకా 13లో అంజూరపు చెట్టు కథ చూడండి. మూడేళ్లు పండు లేదు. కొట్టెయ్యి అన్నాడు యజమాని. తోటమాలి ఇంకో ఏడాది గడువు అడిగాడు, కానీ ఊరికే అడగలేదు. చుట్టూ తవ్వుతా, ఎరువు వేస్తా అన్నాడు. మన రైతు కూడా అంతే. పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోస్తాడు. గింజ నిండాలంటే అది కావాలి. వేసినాక మాత్రం రోజూ మొక్క పీకి చూడడు. రాత్రి రెండింటికి ఫోను వదలలేకపోతున్నా అన్నావు కదా, దానికి నలభై రోజుల ఉపవాసం అక్కర్లేదు. ఛార్జరు వంటగదిలో పెట్టు. అది నీ జిప్సం.

ఓపికకు సాక్ష్యం కావాలంటే మన మండలం దాటక్కర్లేదు. 1990లో ఇక్కడ కొందరు స్నేహితులు 32 ఎకరాల బీడు నేల తీసుకొని దానికి టింబక్టు అని పేరు పెట్టారు. ఆ సంస్థ చర్చిది కాదు, నేను దాన్ని చర్చి కథగా చెప్పడమూ లేదు. తర్వాత ముష్టికోవెల వైపు కొండల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి కల్పవల్లి అనే అడవిని వేల ఎకరాల్లో తిరిగి తెచ్చుకున్నారు. అందులో కిటుకు పెద్దదేమీ కాదు. గొడ్డలి పడకుండా, ఎండాకాలంలో నిప్పు పడకుండా కాపలా కాయడం. నేలలో మిగిలిన వేళ్లు మళ్లీ చిగురిస్తాయి. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి వాళ్లకు ఏళ్లు పట్టింది. ఆ దారిన పోతే ఒకసారి ఆగి చూడండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న కథకు వస్తా. ఇది మన జిల్లాది కాదు, ఒంగోలుది. చాలామందికి సగమే తెలుసు.

అమెరికన్ బాప్టిస్టులు 1835లో తెలుగువాళ్ల మధ్యకు మిషనరీని పంపారు. శామ్యూల్ డే అనే ఆయన. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచాయి. చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా విశ్వాసులు లేరు. ఇంత ఖర్చు ఎందుకు, ఈ మిషన్ మూసేద్దాం అని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చ జరిగింది. 1853లోనూ జరిగింది. మ్యాపులో ఆ మిషన్‌ను ఒకే ఒక్క చుక్కతో చూపించేవాళ్లట, అందుకే దానికి ఒంటరి నక్షత్రం అని పేరొచ్చింది. లైమన్ జూయెట్ అనే ఆయన మాత్రం కదల్లేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఒంగోలు దగ్గర కొండెక్కి ఆ ఊరి కోసం ప్రార్థన చేశారు. ఒంగోలుకు మిషనరీ వచ్చి కాపురం పెట్టింది 1866లో. జాన్ క్లౌ అనే ఆయన. అంటే కొండ మీద చేసిన ప్రార్థనకు, జవాబుకు మధ్య పన్నెండేళ్లు.

క్లౌ వచ్చిన కొత్తలో పట్నంలోని పై కులాలవాళ్లు బడి కావాలన్నారు, పిల్లల్ని పంపారు. ఇంతలో పల్లెల నుంచి మాదిగలు బాప్తిస్మం అడుగుతూ వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేం రాము అన్నారు పట్నంవాళ్లు. పేరూ పలుకుబడీ ఒకవైపు, చెప్పులు కుట్టే చేతులు ఒకవైపు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయమే వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. లోకం తక్కువగా చూసేవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వాళ్లు మాదిగలను చేర్చుకున్నారు. పట్నం పిల్లలు బడి మానేశారు.

తర్వాత 1876లో కరువు మొదలైంది. 1878 దాకా సాగిన ఆ ఘోరమైన కరువులో మన రాయలసీమ పల్లెలు కూడా నలిగిపోయాయి. పని కల్పించడానికి ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ ఒకప్పుడు సర్వేయరు. ఆయన మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. పగలు తవ్వకం, ఖాళీ దొరికినప్పుడు బోధకుల మాటలు. జనం మమ్మల్ని చేర్చుకోండి, బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు.

ఆయన ఇవ్వలేదు.

ఇది ఆలోచించండి. మొదట్లో ఏళ్ల తరబడి పంట లేని చేను. మూసేద్దామన్న మిషన్. ఇప్పుడు జనమే వచ్చి అడుగుతున్నారు. అమెరికాకు ఒక్క ఉత్తరం రాస్తే చాలు, అందరి నోళ్లూ మూతపడతాయి. కానీ కూలి నా చేతి మీదుగా పోతున్నంత కాలం, వీళ్లు గింజల కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు అన్నది ఆయన బాధ. ఏడాదికి పైగా రిజిస్టరు ఖాళీగా ఉంచాడు. వానలు పడి, సహాయం పంచే పని ముగిసింది. ఇక నా దగ్గర డబ్బు లేదు అని తెలియజెప్పాడు. అయినా వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు, తర్వాతి రోజు కలిపితే మూడు రోజుల్లో 3,536 మంది. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు.

మన సభల్లో ఆ 2,222 గురించే చెప్తారు. పోస్టర్లలో కూడా అదే సంఖ్య. నన్నడిగితే అంతకంటే పెద్దది ఆ ఖాళీ రిజిస్టరు. ఎవరూ తప్పు పట్టని చోట, అందరూ చప్పట్లు కొట్టే చోట, ఇది ఇంకా నిజం కాదు అని ఆగిన మనిషి. తెలుగు బైబిల్లో యథార్థత అనే మాట ఉంది చూడండి, యోబు గురించి వాడేది, అది ఇదే. లోపల ఉన్నదే బయట కూడా ఉండటం.

ధర్మవరంలో పట్టుచీర కొనేటప్పుడు తెలిసినవాళ్లు ఏం చేస్తారు? పైన జరీ మెరుపు చూసి మోసపోరు. చీర తిరగేసి వెనకవైపు చూస్తారు. శెనక్కాయ కొనేవాడు కూడా అంతే, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, పగలగొట్టి చూస్తాడు. పైకి బాగానే ఉంటుంది, లోపల తాలు.

ఇక తమ్ముడి రెండో మెసేజ్. "అన్నా, ఇక్కడ ఒకాయన మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్లు సర్టిఫికెట్, పేస్లిప్పులు చేసిస్తానంటున్నాడు. నా రూములో నలుగురిలో ముగ్గురు అట్లే చేరినారు. నాయన బోరు కోసం చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతాంది. ఉద్యోగం వచ్చినాక నిజాయితీగా ఉంటా. ఇది పాపమేనా?"

తిట్టను తమ్ముడూ. నీ మీద ఉన్న బరువు నాకు తెలుసు. బోరు వేసి నీళ్లు పడని ఇంట్లో రాత్రి అన్నం ఎట్లా తింటారో మన ఊళ్లలో అందరికీ తెలుసు. కానీ అడిగావు కాబట్టి చెప్తున్నా, అది వద్దు. దొరికిపోతావని కాదు. దొరక్కపోవచ్చు కూడా. దొరక్కపోతేనే ఇంకా కష్టం, మూడేళ్లు ఏ ఆఫీసులో చేశావో ప్రతి కొత్త మనిషికీ కథ చెప్పాలి, చెప్పిన కథ గుర్తుపెట్టుకోవాలి. ఆ సీటు కోసం నిజంగానే మూడేళ్లు పనిచేసి వచ్చిన ఇంకో పిల్లవాడు ఎక్కడో రూములో కూర్చొని ఉంటాడు, వాడి నాయనకూ అప్పుంటుంది.

వద్దంటే దేవుడు వెంటనే ఇంకా పెద్ద ఉద్యోగం ఇస్తాడని కొంతమంది చెప్తారు. నేను ఆ మాట ఇవ్వలేను, బైబిల్ కూడా ఇవ్వలేదు. యోసేపు తప్పు చేయనన్నందుకు జైలుకు పోయాడు. అక్కడ మేలు చేసిన మనిషి కూడా మర్చిపోయాడు, ఇంకో రెండేళ్లు లోపలే ఉన్నాడు. అమ్మబడినప్పుడు పదిహేడు, ఫరో ముందు నిలబడినప్పుడు ముప్పై. మధ్యలో ఉన్న ఏళ్లలో ఆయన స్టేటస్ పెట్టుకోవడానికి ఏముంది చెప్పు?

ఇంకో మాట గమనించు. నాలో ఏమీ మారలేదు అని మొదటి మెసేజ్‌లో రాశావు. రెండేళ్ల కింద అయితే ఈ సర్టిఫికెట్ సంగతి ఎవరినైనా అడిగేవాడివా? చేయించుకొని ఊరుకునేవాడివి. ఇప్పుడు నిద్ర పట్టక నాకు మెసేజ్ పెట్టావు. ఆ గుచ్చుకునేది ఎక్కడి నుంచి వచ్చింది అనుకున్నావు?

చేయాల్సింది చెప్తా. ఈ రాత్రే నాయనకు ఫోన్ చెయ్యి. ఉద్యోగం రాలేదని, ఇట్లా ఒకాయన అడిగాడని, వద్దనుకున్నానని ఉన్నదున్నట్లు చెప్పు. కోప్పడతాడు, పడనియ్యి. అప్పు కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో, వడ్డీ ఎంతో రాసుకో. రెజ్యూమెలో ఖాళీ ఉన్న రెండేళ్లూ ఖాళీగానే పెట్టు, అడిగితే చేసిన చిన్న పనులు చెప్పు. అంతదాకా పెనుకొండ వైపు ఫ్యాక్టరీల్లో, హిందూపురంలో ఏ పని దొరికినా చిన్నతనం అనుకోవద్దు. మన మందిరంలో బెంగళూరులో పనిచేసే అన్నలు ఇద్దరున్నారు, నీ నంబరు ఇవ్వమంటే ఇస్తా, నువ్వు సరే అంటేనే.

ఇట్లాంటి సర్టిఫికెట్‌తో ఇప్పటికే చేరినవాళ్లు కూడా ఇది వింటుంటారు. మీరు కామెంట్‌లో రాయొద్దు, నేరుగా మెసేజ్ పెట్టండి, విడిగా మాట్లాడుకుందాం. వచ్చే వారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం, తొలకరి వాన, కడవరి వాన కోసం చూసే రైతు. ముందే చదివి రండి. తమ్ముడూ, నాయనతో మాట్లాడినాక ఎంత రాత్రైనా సరే ఒక మెసేజ్ పెట్టు, మేలుకొనే ఉంటా.