పుదీన జెల్లీ: చేయు విధము, వాడుక



మానేరు, గోదావరుల దరి బావులక్రింద పుదీన నాటినవారికి శీతకాలమున నొక చిక్కు కలదు. ఆకు విరివిగా వచ్చును, ధర పడిపోవును. ఉదయము కోసిన కట్ట సాయంత్రమునకు వాడును, మరునాడు నల్లబడును. మిగిలినదానిని తిరిగి మోసికొనిపోలేక అంగడిలోనే వదలివచ్చువారు కలరు. దీనికొక చిన్న ఉపాయము మనవి చేయుచున్నాను.

ఇంగ్లండులో గొఱ్ఱెపిల్ల మాంసముతో పుదీన నంజుకొనుట ఆచారము. దానిని చక్కెరపాకమున పేరబెట్టినదే జెల్లీ. పుదీనకు తనంతట పేరుకొను గుణము లేదు. పెక్టిన్ అను పదార్థము, పులుపు, చక్కెర, ఈ మూడును కూడినగాని రసము గడ్డకట్టదు. అచ్చటివారు పెక్టిన్ కొరకు ఆపిలు వాడుదురు. మనకు జామ, వెలగ కలవు. జామయు పుదీనయు శీతకాలమున నొక్కసారే దొరకుట మన భాగ్యము. మిగుల పండినది పనికిరాదు, దోరకాయ మేలు.

జామకాయలను ముక్కలుగా కోసి, మునుగునంత నీరు పోసి, అరగంట ఉడికించి, పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు వ్రేలాడదీయవలెను. మూటను పిండరాదు, పిండిన రసము మసకబారును. 2 గిన్నెల రసమునకు 1½ గిన్నె చక్కెర, ఒక పెద్ద నిమ్మకాయ రసము చేర్చి పెద్దమంటపై కాచవలెను. గుప్పెడు పుదీన నలిపి గుడ్డలో గట్టి అందులో వేసి, దింపుటకు ముందు తీసివేయవలెను. గరిటెనుండి బొట్లు వేర్వేరుగా పడక, కలిసికొని రేకువలె జారినప్పుడే దింపవలెను. ముందు దింపిన పానకమగును, ఆలస్యమైన జిగురగును. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు విషమగును గాన వాడరాదు. మరుగునీట కడిగి ఆరబెట్టిన గాజుసీసాలో వేడిగా పోసి బిగువుగా మూతపెట్టిన నెలల తరబడి నిలుచును.

దుకాణములలోని జెల్లీ ఆకుపచ్చగా నుండుట తరచు రంగు కలుపుటచేతనే. పులుపు తగిలిన పుదీన పచ్చదనము కోల్పోవును గాన మీది తేనెరంగున నుండును. దానిని లోపమని యెంచకుడు.

ఇక రుచి మాట. మన నాలుకకు పుదీన యనిన కారపు తొక్కే. ఈ తీపి మొదట కొందరికి నచ్చదు, దాచనేల? కాచునప్పుడు రెండు పచ్చిమిరపకాయలు, అల్లపుముక్క వేసిన ఒప్పుకొందురు. మేకమాంసపు వేపుడు ప్రక్కన చెంచాడు చాలును. కరీంనగరు సర్వపిండికి, ఆదిలాబాదు జొన్నరొట్టెకు బాగుగా కుదురును. పచ్చిపులుసున బెల్లము వేయువారు బదులుగా దీనిని కలిపి చూడుడు. ఎండకాలమున చల్లని నీట కరగించి నిమ్మపిండిన మంచి షర్బత్తగును.

చక్కెర ఖరీదు, వంటచెరకు ఖర్చు లెక్కవేయక అమ్మకమునకు దిగవలదు. మొదట అంగడిలో మిగిలిన రెండు కట్టలతో ఇంటికొక సీసా చేసి చూడుడు.