ఫిజియోథెరపీకి వెళ్లేముందు
(శ్రీకాకుళంలో జరిగిన పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, లెక్కల మేస్టారుగా రిటైరైనవాడిని. కుడి భుజం బిగుసుకుపోయి 8 నెలలపాటు చొక్కా తొడుక్కోవడానికి కూడా మా ఇంటావిడ సాయం కావలసి వచ్చింది. అరసవల్లిలో స్వామికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టలేకపోయాను. ఆ అనుభవమే నా అర్హత. షుగరు ఉన్నవాళ్లకు ఈ భుజం పట్టేయడం ఎక్కువట.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం, మాలీషు చేయించుకోవడం అనుకుని వెళ్లాను. అక్కడి కుర్రాడు మొదట కోణమానిని లాంటి సాధనంతో చెయ్యి ఎంతవరకు లేస్తోందో కొలిచాడు. 80 డిగ్రీలు. కొన్ని వ్యాయామాలు నేర్పి, రోజూ ఇంట్లో చెయ్యమన్నాడు. నేను 10 రోజులు మెషిను పెట్టించుకుని, ఇంటికొచ్చి పేపరు చదువుకున్నాను. మళ్లీ కొలిస్తే అదే 80. "మేస్టారూ, హోంవర్కు చెయ్యలేదు కదండీ?" అన్నాడు. ఉద్యోగమంతా నేను పిల్లల్ని అడిగిన ప్రశ్న అది!

ఇంకొక తప్పు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అప్పుడే మడమ నొప్పికి కాపడం పెడుతూ, "వేడి తెలుస్తోందా?" అని అడిగారు. షుగరు వల్ల నా పాదాలు మొద్దుబారి రెండేళ్లయింది. మొహమాటపడి తెలుస్తోందన్నాను. కాలు పొక్కింది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కాలు తీసేస్తారేమోనని మా అమ్మాయి ఏడ్చింది.

కాబట్టి అడిగినా అడగకపోయినా అన్నీ చెప్పండి. షుగరు, తిమ్మిర్లు, గుండెలో పేస్‌మేకరు, ఎముకల్లో వేసిన రాడ్లు, రక్తం పలచబడే మాత్రలు, పాత ఆపరేషన్లు, ఏదీ దాచవద్దు. పేస్‌మేకరు ఉన్నవారికి కొన్ని కరెంటు వైద్యాలు ప్రమాదం. ఎక్స్‌రేలు, మందుల చీటీలు ఒక సంచిలో పెట్టుకు వెళ్లండి. మోకాలి పైకి జరిగే వదులు బట్టలు కట్టుకోండి. ఆడవారు తోడుగా ఒకరిని తీసుకువెళ్లవచ్చు. ఎన్ని రోజులు రావాలి, ఎంతవుతుంది అన్నది మొదటే అడగండి. ఫిజియోథెరపీలో డిగ్రీ ఉందా అని అడగడమూ తప్పు కాదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం పరిధిలోకి ఈ వృత్తి కూడా వచ్చింది.

కిందపడ్డాక కాలు మోపలేకపోయినా, నడుం నొప్పితోపాటు మూత్రం ఆగిపోయినా, పట్టు తప్పినా, పిక్క ఒక్కసారిగా వాచినా ముందు ఆసుపత్రికే పరుగెత్తండి.

వ్యాయామం చెయ్యడానికి బద్ధకించి నొప్పి బిళ్లలు మింగేవారు మనలో చాలామంది. మన ఉద్దానం సంగతి మీకు తెలియనిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రే తెరవవలసి వచ్చింది. జబ్బుకు మూలకారణం ఏదైనా, డాక్టరు చెప్పకుండా రోజూ మింగే నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఇప్పుడు నా చెయ్యి 150 డిగ్రీలు లేస్తోంది. అటక మీది పెన్షను కాగితాలు నేనే దింపుకుంటున్నాను. భుజానికి చేసే వ్యాయామాలు ఎలా ఉంటాయో చూడాలనుకున్నవారు భోజనాల తర్వాత నా దగ్గరకు రండి, చేసి చూపిస్తాను. మీకు నప్పేవి మాత్రం మీ ఫిజియోథెరపిస్టే చెప్పాలి. సెలవు.