కారు అడుగున తుప్పు – పైన రంగు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నా పాత అంబాసిడర్‌ను బాగు చేయిస్తున్నానని విని, అందులో తెలుసుకున్నది నలుగురికీ చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను, ఫైళ్లు మోసిన గుమస్తాను. అందుచేత ఒక్క సంగతే మనవి చేస్తాను. పాత కారు ఆయుష్షు పైన మెరిసే రంగులో లేదు, ఎవరూ వంగి చూడని అడుగుభాగంలో ఉంది.

మా ఇల్లు బార్కస్‌లో. నిజాం కొలువులో చేరిన హద్రమౌత్ అరబ్బు సిపాయిల బ్యారక్సులే జనం నోట బార్కస్ అయ్యాయి. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా గల్లీలో కార్లు తలుపుల దాకా మునిగాయి. నీళ్లు తీశాక ఇంజను ఆరబెట్టించాము, సీట్లు మార్పించాము. అడుగున కూడా ఒకచోట నల్లరంగు కొట్టి, ఇక పదేళ్లు చూసుకోనక్కరలేదన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు డ్రైవరు కాళ్ల దగ్గర చాప తడిగా ఉంటోందని మా మనవడు గమనించాడు. మా గల్లీ మేస్త్రీ కారు లేపి, స్క్రూడ్రైవరుతో ఆ నల్లరంగు మీద పొడిస్తే అది నేరుగా లోపలికి దిగిపోయింది. “సాబ్, ఇది రంగు కాదు, పరదా” అన్నాడు. ఇంకాస్త గీకితే బ్రేకు గొట్టం కూడా తుప్పుతో పలచబడి ఉంది. అదే కారులో మా ఆవిడ, కోడలు, పిల్లలు కూర్చుంటారు. ఇంట్లో అందరూ తుక్కుకి ఇచ్చేద్దామన్నారు. మనవడు ఒక్కడే వద్దన్నాడు.

అంబాసిడర్ మూలం ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఉత్తర్‌పారాలో 2014లో దీని తయారీ ఆగిపోయింది. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద నడిచే పెట్టె దూలాలు, ఇవే బండి బరువు మోస్తాయి. కాబట్టి అడుగున తుప్పు అంటే అందానికి వచ్చిన లోటు కాదు, ఇంటి పునాదికి పట్టిన చెద.

ఇనుముకు గాలి, నీరు తగిలితే తుప్పు. ఉప్పు తోడైతే మరీ త్వరగా. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి, మంచు కురిసే ఊళ్లలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకని అక్కడ కారు అడుగు కూడా కడిగిస్తారు. మన విశాఖలో సముద్రపు గాలి. హైదరాబాదులో ఆ బాధ లేదుగాని, వరద బురద దూలాల్లో చేరి నెలల తరబడి చెమ్మ పట్టి ఉంచుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పైనున్న రంగును పొక్కులా లేపుతుంది. తుప్పు మీద రంగు వేయడమంటే అభ్యంతరాలున్న ఫైలుకు కొత్త అట్ట వేయడమే.

మా మేస్త్రీ పని చేసిన వరుస ఇది.

మొదట బ్యాటరీ తీసి, పెట్రోలు టాంకు దింపాడు. వెల్డింగు ఉన్నచోట ఇది తప్పదు. బండిని జాకీ మీద వదలక, గట్టి స్టాండుల మీద నిలిపాడు. జాకీని నమ్మి కారు కింద దూరడం ప్రాణాంతకం.

రెండవది, నీళ్లు కొట్టి, గ్రీజు కడిగి, పాత నల్లపొర అంతా గీకి, తీగ బ్రష్షుతో ఇనుము కనిపించేదాకా రుద్దారు. పనిలో ముప్పాతిక ఇదే. డబ్బూ రంగుకంటే ఈ కూలీకే ఎక్కువ.

మూడవది, చిల్లుపడ్డ రేకు కోసేసి కొత్త రేకు అతికాడు. చిల్లులో పుట్టీ కుక్కనివ్వకండి.

నాల్గవది, గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూశాడు. ఢిల్లీ ఇనుప స్తంభం 1,600 ఏళ్లుగా నిలవడానికి అందులోని భాస్వరం వల్ల ఏర్పడిన పలుచని పొర కారణమని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యంగారు వివరించారు. సూత్రం అటువంటిదే అనుకోండి.

అయిదవది, బాగా ఆరాక ఎపాక్సీ ప్రైమరు, అతుకుల్లో సీలరు, దాని మీద రాళ్ల దెబ్బకు ఆగే రబ్బరు పూత. వట్టి రెడ్ ఆక్సైడు కొట్టి వదిలేస్తే చాలదు, అది చెమ్మను లోపలికి పోనిస్తుంది. సైలెన్సరు, బ్రేకు డ్రమ్ములు, రబ్బరు గొట్టాలకు ముందే కాగితం చుట్టి రంగు తగలకుండా చూశాడు. దూలాల లోపలికి సన్నని గొట్టంతో మైనం కొట్టాడు. నీళ్లు కారే రంధ్రాలను పూడ్చలేదు, పుల్లతో తెరిచి ఉంచాడు. అవి మూసుకుంటే దూలం కాస్తా నీళ్ల తొట్టి అవుతుంది. రంగు కొట్టేటప్పుడు ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇదంతా ప్రతి బండికీ చేయించమని నేను చెప్పను. వెనుక కమానులు తగిలించే చోట, దూలాల్లో ఇనుము తినేసి ఉంటే దండం పెట్టి వదిలేయడమే మంచిది. మా బండికి ఆ చోట్లు గట్టిగా ఉన్నాయని మేస్త్రీ సుత్తితో తట్టి, నా చేత కూడా తట్టించి చూపించాకే సరేనన్నాను. మంచి రేకు ఖంగుమంటుంది, పాడైనది బొద్దుగా పలుకుతుంది. బ్రేకు గొట్టాలు మాత్రం అన్నీ కొత్తవి వేయించాము.

మన పిల్లలు పాత కారు కొంటామంటే ఈ మాట చెప్పండి. అడుగున కొత్తగా నల్లగా నిగనిగలాడే బండిని చూసి సంతోషించవద్దు, అనుమానించండి. చాపలెత్తి చూడండి. పొడిచి చూడనివ్వని అమ్మకందారుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. రంగు పని చేయిస్తుంటే, ప్రైమరు వేయకముందే ఒకసారి వెళ్లి కళ్లారా చూడండి. రంగు వేశాక అందరి పనీ ఒకేలా కనిపిస్తుంది.